శీతాకాలపు కొండదారుల్లో తొలిపూలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం విశాఖపట్నం చుట్టుపక్కల కొండలమీద చలికాలంలో కనిపించే అడవిపూల గురించినవే. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలు పలు వచ్చినప్పుడు వాటిలో వివరంగా ఉన్న ఒకదానిని తీసుకొని జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము కొందరు స్నేహితులం డిసెంబరు మొదలుకొని ప్రతి ఆదివారం ఉదయం కంబాలకొండలోనో, సింహాచలం మెట్లదారిలోనో, తొట్లకొండ వైపో నడుస్తున్నాము. పూలు చూద్దామని బయలుదేరుతాము గానీ ఎండుగడ్డి, రాలిన ఆకులు తప్ప మరేమీ కంటబడడం లేదు. మన కొండలమీద చలికాలంలో అసలు పూలు పూస్తాయా? పూస్తే ఎప్పుడు, ఎక్కడ చూడాలి?
(ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: తప్పకుండా పూస్తాయి. మన కొండలమీద చలికాలపు పూలు రెండు విడతలుగా వస్తాయి. మీరు నడిచిన రోజులలో మొదటి విడత ముగింపుకు వచ్చి ఉంటుంది, రెండవది ఇంకా మొదలై ఉండదు.

హేమంతంలో, అంటే మార్గశిర పుష్య మాసాలలో, కనిపించేవి వానాకాలపు మొక్కల పూలు. తుమ్మి, వెంపలి, విష్ణుక్రాంత, పసుపు పూల ముళ్ళగోరింట, ఊదారంగు నీలాంబరం ఈ విడతలోవి. వీటిలో చిన్న మొక్కలు నైరుతి రుతుపవనాలతో మొలిచి, అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతపు వాయుగుండాలు తెచ్చే వానలతో నేలలో మిగిలిన తడిని వాడుకొంటూ, ఆ తడి ఆరిపోయేలోగా విత్తనం కట్టాలని తొందరపడుతూ ఉంటాయి. సంక్రాంతి దాటేసరికి వీటిలో చాలావరకు వడిలిపోతాయి. కాబట్టి వీటికోసం ఎండ నేరుగా పడే బోడి వాలులు వదిలిపెట్టి, వాగుల ఒడ్డున, రాతిబండల నెర్రెలలో, పొదల నీడ పడే అంచులలో వెతకాలి. బండ కింద తడి బయటి నేలలో కంటె చాలా రోజులు ఎక్కువగా నిలుస్తుంది.

శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాలలో, పూసేవి పూర్తిగా వేరే జాతులు. మోదుగ, బూరుగ, కొండగోగు, తపసి, కలివి ఈ విడతలో ముఖ్యమైనవి. వీటినే మన ప్రాంతపు తొలిపూలు అనాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఇవి వేసవిని ముందుగా పసిగట్టినట్లు పూతకు వస్తాయి. కలివి ముళ్ళపొద కాబట్టి దాని తెల్లని పూలు, మంచి వాసన, నడిచే మనిషి ఎత్తులోనే దొరుకుతాయి. మిగిలినవాటికోసం తల ఎత్తి చూడక తప్పదు. జనవరి మూడవ వారం నుంచి ఆకు రాల్చిన కొమ్మల చివరలు గమనించడం మొదలుపెట్టండి. ఆకుమొగ్గ సాధారణంగా సన్నగా, కొనదేలి, కొమ్మను అంటిపెట్టుకొని ఉంటుంది. ఈ చెట్ల పూమొగ్గలు ఉబ్బుగా, గుత్తులుగా, కొమ్మకు ఎడంగా నిలిచి ఉంటాయి. ఈ ఒక్క తేడా కంటికి అలవాటైతే పువ్వు విచ్చడానికి చాలా రోజుల ముందే ఆ చెట్టు పూయబోతున్నదని చెప్పగలుగుతారు.

మీరు వారానికొక దారి మారుస్తున్నారు. తొలిపూలు చూడాలన్న కోరిక ఉంటే ఆ పద్ధతిని మానుకోమని మనవి చేస్తున్నాను. ఒకే దారిని ఎంచుకొని, అందులో గుర్తుండే చెట్లు అయిదారింటిని నిర్ణయించుకొని, వెళ్ళిన ప్రతిసారీ వాటిదగ్గర ఆగి, ఆకు ఎంత రాలింది, మొగ్గ కనిపించిందా, పువ్వు విచ్చిందా అన్నది తేదీ వేసి రాసుకోండి. దేశమంతటా ఉపాధ్యాయులు, విద్యార్థులు, గృహిణులు ఇలాగే తమకు దగ్గరలోని చెట్లను గమనించి వివరాలు పంపే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. మీ నోటు పుస్తకం రెండు మూడేళ్ళు నిలిస్తే దానికీ ఉపయోగపడుతుంది, మీకూ మరుసటి ఏడు ఏ వారంలో ఏ చెట్టు దగ్గరికి వెళ్ళాలో తెలుస్తుంది.

కంబాలకొండ సంగతి ఒకటి చెప్పాలి. అది 2002 నుంచి అభయారణ్యం, చిరుతపులులు తిరిగే అడవి. అటవీశాఖ అనుమతించిన దారిలో, అనుమతించిన వేళల్లో మాత్రమే నడవండి. పువ్వు కనిపించిందని దారి విడిచి పొదలలోకి దిగకండి.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి అక్కడి అడవిలో తీసిన వీడియో ఒకటి పంపాడు. నేలంతా మంచు పరుచుకొని ఉండగా ఒక ఊదారంగు మొక్క మంచులోంచి పైకి వచ్చింది, దాని చుట్టూ మంచు గుండ్రంగా కరిగి ఉంది. మొక్కే వేడి పుట్టిస్తుందని వాడు అంటున్నాడు. ఇది నిజమేనా? లంబసింగిలో కూడా మంచు కురుస్తుంది కదా, అక్కడ ఇటువంటి పూలు ఉంటాయా?
(ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం)

జవాబు: మీ అబ్బాయి చెప్పినది నిజం. ఆ మొక్కను అక్కడ స్కంక్ క్యాబేజీ అంటారు. ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని చిత్తడి అడవులలో ఫిబ్రవరి, మార్చి నెలలలో మిగిలిన మొక్కలన్నిటికంటె ముందు పూస్తుంది. భూమిలోని దుంపలో దాచుకొన్న పిండిపదార్థాన్ని వేగంగా ఖర్చుచేసి, పూలకంకిని చుట్టూ ఉన్న గాలికంటె పదిహేను, ఇరవై డిగ్రీలు వెచ్చగా ఉంచగలుగుతుంది. ఆ వేడికి మంచు కరుగుతుంది, కుళ్ళిన మాంసపు వాసన గాలిలోకి వ్యాపిస్తుంది, ఆ వాసనకు ఈగలు వచ్చి పరాగం మోస్తాయి.

ఈ మొక్క మన కంద, చేమలకు దగ్గరి చుట్టం. మన కందకు కూడా పూత సమయంలో ఇలాగే వేడి పుట్టించే గుణం, దుర్వాసన ఉన్నాయి. తోటలో తవ్వకుండా వదిలేసిన కందదుంప నుంచి వేసవి చివర తొలి వానలకు ముదురు ఊదారంగులో లావుపాటి పువ్వు నేలను చీల్చుకొని రావడం మీలో కొందరైనా చూసే ఉంటారు. అది చలికోసం పుట్టించే వేడి కాదు గనుక దాని కాలం వేరు.

లంబసింగిలో ఉదయంపూట కనిపించేది పొగమంచు. సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉండడం వల్ల కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరికి పడిపోయి గడ్డిమీద మంచుబిందువులు గడ్డకట్టవచ్చు. కాని నేలను వారాల తరబడి కప్పి ఉంచే హిమపాతం అక్కడ లేదు. అందువల్ల మంచును చీల్చుకొని వచ్చే పూలూ లేవు.

మీ ప్రశ్నలో ఇంకొక మంచి విషయం దాగి ఉంది. చలిదేశాల అడవులలో తొలిపూలు నేలమీద పూస్తాయి, మన కొండలమీద కొమ్మలమీద పూస్తాయి. ఇందుకు కారణం ఉంది. అక్కడ వసంతారంభంలో మంచు కరిగిన నీరు నేలలో పుష్కలంగా ఉంటుంది, కొరత అల్లా వెలుతురుకే. పెద్ద చెట్లు చిగురించి నీడ కమ్మేలోగా దొరికే కొద్ది వారాల ఎండలోనే నేలమొక్కలు పూసి, కాసి, అణగిపోతాయి. ఇక్కడ ఎండకు కొదవ లేదు, నీటికే కొరత. మాఘమాసానికి నేల పైపొర ఎండిపోయి చిన్న మొక్కలకు బతుకు కష్టమవుతుంది. మోదుగ, బూరుగ, కొండగోగు వంటి చెట్లకు మాత్రం లోతుకు దిగిన వేళ్ళు, మానులో నిలవచేసుకొన్న నీరు ఆధారంగా ఉంటాయి. ఆకులు రాల్చివేయడం వల్ల వాటినుంచి ఆవిరై పోయే నీరు ఆదా అవుతుంది, ఆ నీటితో పూత సాగుతుంది. ఆకు అడ్డం లేని పువ్వు పిట్టలకు, తుమ్మెదలకు దూరం నుంచే కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలలకు కాయ పక్వమై, గాలికి ఎగిరిపోయే విత్తనం జూన్ వానలకు ముందే నేల చేరుతుంది. ఈ లెక్క అంతా తెలిసిన తరువాత బోడికొమ్మ మీద ఒక మొగ్గ కనిపించినా నాకు ఎంతో ఆనందం కలుగుతుంది.

ప్రశ్న: ఫిబ్రవరి నెలలో యారాడ కొండ వాలుమీద ఒక్క ఆకైనా లేని చెట్టు ఒకటి చూశాము. కొమ్మల చివర అరచేయంత పసుపు పూలు ఉన్నాయి. మా పక్కింటివారు అది తంగేడు అన్నారు. తంగేడు అంత పెద్దగా పూస్తుందా?
(ఒక విశ్రాంత ఉద్యోగి, గాజువాక)

జవాబు: మీరు చూసినది కొండగోగు. తంగేడు పొద, మనిషి నడుమెత్తునో, తలెత్తునో ఉంటుంది, పూత సమయంలో ఆకులు ఉంటాయి, పువ్వు నాలుగయిదు సెంటీమీటర్లకు మించదు. కొండగోగు పది, పన్నెండు సెంటీమీటర్ల వెడల్పున, మెరిసే ముదురు పసుపులో, ఆకులేని కొమ్మల చివర పూస్తుంది. మట్టి చాలా తక్కువగా ఉన్న రాతివాలుల మీద, మరే చెట్టూ నిలదొక్కుకోలేని చోట్ల పెరగడం దీని ప్రత్యేకత. తూర్పు కనుమల రాతివాలులు దీనికి బాగా నచ్చిన చోట్లు.

ఈసారి చెట్టు కింద రాలిన పువ్వు దొరికితే దోసిట్లో పెట్టుకొని నిదానంగా చూడండి. అయిదు రేకుల నడుమ లెక్కకు మించిన కేసరాలు ఒత్తుగా ఉంటాయి. ఒక్కొక్క కేసరం చివర ఉన్న పుప్పొడి తిత్తి, చాలా పూలలో ఉన్నట్లు నిలువుగా చీలదు. కొనవద్ద సన్నని రంధ్రం మాత్రమే ఉంటుంది. పుప్పొడి ఆ రంధ్రం గుండానే బయటికి రావాలి. తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్ళతో పట్టుకొని, రెక్కలు కదపకుండానే ఒళ్ళంతా అదిరేలా ఝంకారం చేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రంలోంచి చిమ్ముతుంది. ఈ పువ్వులో తేనె ఉండదు, తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసమే. ఎండ ఎక్కకముందు చెట్టు కింద మాటలాడకుండా నిలబడితే ఆ ఝంకారం ఉన్నట్టుండి హెచ్చు స్థాయికి మారడం స్పష్టంగా వినిపిస్తుంది. మీ పక్కింటివారి మాటలో ఒక సామ్యం మాత్రం ఉంది: తంగేడు పువ్వులో కూడా పుప్పొడి తిత్తులు ఇలా కొనవద్ద రంధ్రంతోనే తెరుచుకొంటాయి, అక్కడా తుమ్మెదలే పని చేస్తాయి.

కొండగోగు మానునుంచి కారే జిగురు గిరిజనులకు ఒక ఆదాయ వనరు. 1956లో ఏర్పడి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తులలో జిగుర్లది ముఖ్యమైన స్థానం. వాటిలో పేరుపొందిన తపసి జిగురును ఇచ్చే తపసి చెట్టు కూడా ఈ రోజుల్లోనే ఆకులేకుండా పూస్తుంది. దాని పూలు చిన్నవి, పసుపు కలిసిన ఆకుపచ్చనివి కావడం వల్ల చాలామంది గమనించరు. పాలిపోయిన తెల్లని నున్నటి బెరడు కనిపిస్తే ఆగి, కొమ్మల చివరలు చూడండి.

ప్రశ్న: ఎర్రగా పూసిన ప్రతి చెట్టునూ మేము మోదుగ అనుకొంటున్నాము. బూరుగ, బాడిద కూడా ఇలాగే ఉంటాయని ఈమధ్య ఒకరు చెప్పారు. దూరం నుంచి వీటిని వేరుచేసి గుర్తించే ఉపాయం చెప్పగలరా? మోదుగ పూయడానికి ముందే గుర్తుపట్టవచ్చా?
(ఇద్దరు అధ్యాపకులు, మధురవాడ)

జవాబు: మూడూ ఇంచుమించు ఒకే రోజులలో, జనవరి చివర నుంచి మార్చి వరకు, ఆకులు రాల్చి పూస్తాయి కాబట్టి పొరబడడం సహజం. దూరం నుంచి చెట్టు ఆకారం, దగ్గర నుంచి బెరడు చూస్తే సందేహం తీరుతుంది.

బూరుగ నిటారుగా, చాలా ఎత్తుగా పెరుగుతుంది. కొమ్మలు మానునుంచి అంతస్తులుగా అడ్డంగా సాగుతాయి. లేత మానుమీద లావైన ముళ్ళు ఉంటాయి. పువ్వు పెద్దది, రేకులు అయిదు, మందమైనవి, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉంటాయి. రాలేటప్పుడు రేకులు, కేసరాలు కలిసి మొత్తం పువ్వు ఒకేసారి చప్పుడు చేస్తూ పడుతుంది. అనంతగిరి ఘాట్‌లో రోడ్డుమీద ఎర్రని పెద్ద పూలు పడి ఉంటే తల ఎత్తండి, పైన బూరుగే ఉంటుంది.

బాడిద మధ్యరకం చెట్టు, కొమ్మలకు చిన్న ముళ్ళు ఉంటాయి. సముద్రతీరపు గ్రామాలలో కంచెగా, తమలపాకు తీగకు ఆసరాగా నాటుతారు. పూలు కొమ్మ చివర ఒకే కాడ చుట్టూ వలయంగా అమరి ఉంటాయి. మోదుగలాగే దీనికీ కాడకు మూడు ఆకులే, కాబట్టి ఆకును బట్టి మాత్రమే నిర్ణయానికి రావద్దు.

మోదుగ పొట్టిగా, వంకరటింకర మానుతో ఉంటుంది, ముళ్ళు ఉండవు. దీని రంగు ఎరుపుకంటె కాషాయానికి దగ్గర. పూయకముందే గుర్తించవచ్చా అని అడిగారు. బాగా గుర్తించవచ్చు. జనవరిలో కొమ్మల కణుపుల దగ్గర దాదాపు నల్లగా కనిపించే చిన్న మొగ్గలు గుత్తులుగా వస్తాయి. చేయి తగిలించి చూస్తే రక్షకపత్రాల గిన్నె అంతా మెత్తటి నూగు. దూరం నుంచి చూసేవారు ఆ దశలో చెట్టు ఎండిపోయిందని భ్రమపడతారు. రోజులు గడిచేకొద్దీ ఆ నల్లని గిన్నెలోంచి కాషాయపు కొన బయటికి వస్తుంది. విచ్చిన పువ్వు కింది రేకు చిలుకముక్కులా వంగి ఉంటుంది, పది కేసరాలు దాని లోపలే దాగి ఉంటాయి. రేకుల బయటివైపు సన్నని వెండి నూగు ఉండడం వల్ల ఎండ పక్కనుంచి పడితే చెట్టంతా ఒక క్షణం పాలిపోయినట్లు, తలతిప్పితే మళ్ళీ మండుతున్నట్లు కనిపిస్తుంది. వాసన ఏమాత్రం ఉండదు. దీనికి పరాగం మోసేవి తేనెపిట్ట, గోరింక వంటి పక్షులు. రంగు చూసి వస్తాయి, వాసనతో వాటికి పని లేదు. పిట్ట వచ్చి తేనెకోసం ముక్కు దూర్చినప్పుడు వంగిన రేకు తెరుచుకొని కేసరాలు దాని తలకో గొంతుకో రాసుకొంటాయి. బైనాక్యులర్స్ ఉంటే తేనెపిట్ట నుదుటిమీద పసుపు పొడి అంటి ఉండడం చూడవచ్చు.

మీ విద్యార్థులతో వెళ్ళేటట్లయితే మూడింటిలో మోదుగనే ఎంచుకోమని నా సలహా. విస్తళ్ళు కుట్టే ఆకుగా, శివరాత్రి పూజకు, హోళీ రంగుకు వాడే పువ్వుగా దానిని వారు పేరుతో ఎరిగే ఉంటారు. చెట్టు పొట్టిది కాబట్టి మొగ్గ దశ నుంచి కాయ దశ వరకు నేలమీద నిలబడే చూడవచ్చు.

ప్రశ్న: అరకులోయలో డిసెంబరులో కనిపించే పసుపు పూల మైదానాలు అడవిపూలేనా?
(ఒక పాఠకురాలు, సీతమ్మధార)

జవాబు: అవి వలిసె చేలు. వలిసె గిరిజన రైతులు వేసే నూనెగింజల పంట, పుట్టిల్లు ఇథియోపియా. వానలు తగ్గుముఖం పట్టే రోజులలో విత్తితే నవంబరు, డిసెంబరు నెలలలో పూస్తుంది. ఒక మొక్క పుప్పొడి అదే మొక్కకు పనికిరాదు గనుక తేనెటీగలు తిరిగితేనే గింజ కడుతుంది. ఫోటోలకోసం చేలో దిగి తొక్కితే ఒక కుటుంబం పంట పోతుంది. గట్టుమీద నిలబడి చూడండి, అదే దారిలో కొండవాలు మీద పూసే నీలాంబరాన్ని కూడా చూడండి.

ప్రశ్న: భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఉదయంపూట నేలకు అంటుకొని ఉన్న చిన్న నీలం పూలు చూశాము. మధ్యాహ్నం తిరిగి వచ్చి ఫోటో తీద్దామంటే ఒక్కటీ కనిపించలేదు. అవి ఏమైనట్లు?
(ఒక కళాశాల విద్యార్థిని, భీమునిపట్నం)

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి అవి విష్ణుక్రాంత పూలు. అవి ఎక్కడికీ పోలేదు, ముడుచుకొన్నాయి. ఉదయం ఎండతో విచ్చి, మధ్యాహ్నానికి మూసుకొంటాయి. మూసుకొన్న పువ్వు గడ్డిపరకల నడుమ కంటికి ఆనదు. ఎనిమిది, తొమ్మిది గంటల నడుమ వెళితే తప్పక దొరుకుతాయి.

పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోమని మీకు గట్టిగా సిఫారసు చేస్తున్నాను, ఎందుకంటే ఈ పువ్వు వెడల్పు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. అద్దాన్ని కంటికి ఆనించి, మీరే ముందుకు వంగి పువ్వును సమీపించాలి. అప్పుడు అయిదు రేకులు విడివిడిగా కాక కలిసిపోయి ఒకే పలుచని బిళ్ళగా ఉండడం, నడుమ తెల్లని అయిదు కేసరాలు నిలబడడం, కీలం రెండుగా చీలి ఒక్కొక్కటి మళ్ళీ రెండుగా చీలడం కనిపిస్తుంది. ఆకుల మీద, కాడల మీద పట్టులాంటి పొడవాటి నూగు ఉంటుంది. ఫోటో తీసేటప్పుడు పువ్వును ఎదుట నుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఆకు అమరికను చూపేది ఒకటి, మొక్క మొత్తం వచ్చేది ఒకటి తీయండి. పువ్వు ఒక్కటే ఉన్న ఫోటో ఎంత అందంగా ఉన్నా దానిని బట్టి మొక్కను నిర్ధారించడం చాలాసార్లు వీలుపడదు. ఐనాచురలిస్ట్ వంటి యాప్‌లలో పెట్టినా ఈ నాలుగు ఫోటోలూ ఉంటేనే తెలిసినవారు నిశ్చయంగా పేరు చెప్పగలరు.

ఆ దిబ్బల మట్టి చాలా వదులైనది, అంచులు అడుగు పడితే విరిగిపోతాయి. మొక్కకోసమైనా అంచుదాకా వెళ్ళకండి.

ప్రశ్న: జనవరిలో కొండదారిన నడుస్తూ మా పదేళ్ళ బాబు తీగకు వేలాడుతున్న గోధుమరంగు కాయలను ముట్టుకొన్నాడు. వెంటనే చేతులంతా విపరీతమైన దురద, దద్దుర్లు వచ్చాయి. ఇది ఏ మొక్క? మళ్ళీ తీసుకువెళ్ళాలంటే భయంగా ఉంది.
(ఒక తల్లి, గోపాలపట్నం)

జవాబు: అది దూలగొండి. వానాకాలం చివర ముదురు ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడే అందమైన తీగ. చలికాలానికి పూలు పోయి కాయలు ఎండుతాయి. కాయమీద బంగారు గోధుమరంగులో మెరిసే సన్నని ముళ్ళవెంట్రుకలు ఉంటాయి, అవి గాలికి కూడా రాలి చర్మంలో గుచ్చుకొంటాయి. తగిలినప్పుడు గోకకూడదు, రుద్దకూడదు. రుద్దితే అవి ఇంకా లోపలికి దిగుతాయి. అంటుకొనే టేపును ఆ చోట ఆనించి లాగితే చాలా వెంట్రుకలు దానితో వచ్చేస్తాయి. తరువాత ధారగా పడే నీటితో కడిగి, బట్టలు మార్చి, వాటిని విడిగా ఉతకాలి. కంటిలో పడితే మాత్రం నీళ్ళతో కడుగుతూ ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి.

చలికాలపు నడకలో గుర్తుంచుకోవలసిన మొక్కలు మరి మూడు ఉన్నాయి. దారిపక్కన తెల్లని చిన్న పూలతో ఉండే వయ్యారిభామ కొందరికి చర్మంమీద ఎలర్జీని, ఉబ్బసాన్ని కలిగిస్తుంది. ఎండిన కాయ విచ్చి ఎర్రగా మెరిసే గురివింద గింజలు పిల్లలను ఆకర్షిస్తాయి. వాటిని నమిలితే ప్రాణాపాయం. అడవినాభి పువ్వు చలికాలానికి చాలావరకు అయిపోయినా దాని దుంప, గింజలు తీవ్రమైన విషం. పొడవు చేతుల చొక్కా, పొడవు లాగు, మూసిన బూట్లు వేసి బాబును నిస్సందేహంగా తీసుకువెళ్ళండి. ఉదయం వేళ రక్తపింజర వంటి పాములు ఎండ కాచుకోవడానికి దారిమీదికి వస్తాయి కాబట్టి పిల్లలు పెద్దల వెనుక నడవాలి. దూలగొండి తీగను వాడికి దూరం నుంచి చూపించి పేరు చెప్పండి. ఒకసారి దురద అనుభవించిన పిల్లవాడు ఆ మొక్కను ఇక ఎన్నడూ మరచిపోడు, మిగిలిన పిల్లలకు కూడా తానే చూపిస్తాడు.

ప్రశ్న: మా అమ్మాయి ఏడవ తరగతి. పాఠశాల ప్రాజెక్టుకు అడవిపూలు కోసి, పుస్తకంలో నొక్కి అతికించాలని అంటోంది. కంబాలకొండలో కోయవచ్చా?
(ఒక తండ్రి, మర్రిపాలెం)

జవాబు: కోయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా ఏ అటవీ ఉత్పత్తినీ తీసుకుపోరాదు. అడవిమీద ఆధారపడిన గిరిజనులకు చట్టం ఇచ్చిన సేకరణ హక్కులు వేరు, అవి నడకకు వెళ్ళే మనకు వర్తించవు. చట్టం సంగతి పక్కన పెట్టినా, తొలిపువ్వును కోసిన వారు ఆ మొక్కకు ఆ ఏటి మొదటి విత్తనాన్ని, ఆకలితో తిరిగే తేనెటీగకు ఆహారాన్ని లేకుండా చేసినవారవుతారు.

అమ్మాయి చేత బొమ్మలు వేయించండి. మన ప్రాంతానికి ఈ విషయంలో గొప్ప చరిత్ర ఉంది. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత వందలాది మొక్కల బొమ్మలు వేయించారు. ఆకు, పువ్వు, కోసి తెరిచిన కాయ, గింజ అన్నీ ఒకే కాగితం మీద కనిపించే ఆ పద్ధతి ఈనాటికీ మొక్కను నేర్చుకోవడానికి చక్కనిది. నొక్కిన పూలే కావాలంటే పెరటిలోనో, ఖాళీ స్థలంలోనో కలుపుగా పెరిగే గడ్డిచామంతి, పులిచింత ఉన్నాయి. గడ్డిచామంతి అమెరికా ఖండం నుంచి వచ్చి స్థిరపడినది, కోసినా అడవికి నష్టం లేదు. రోజూ కాగితం మారుస్తూ నొక్కితే పసుపు రంగు నిలుస్తుంది.

ప్రశ్న: మా మామిడితోటలో కొన్ని చెట్లకు జనవరిలో మామిడిపూతతో పాటు నారింజరంగు గొట్టాల్లాంటి పూలు కూడా పూస్తున్నాయి. ఆకు కూడా మామిడాకులా లేదు. కంబాలకొండ అడవిలో కూడా కొన్ని చెట్లమీద ఇదే చూశాను. ఇది తెగులా?
(ఒక రైతు, అనకాపల్లి)

జవాబు: అది బదనిక. చెట్టుమీద మొలిచి, కొమ్మలోకి వేరు దించి, అందులోని నీటిని, లవణాలను పీల్చుకొని బతికే మొక్క. తన ఆకులు పచ్చగా ఉంటాయి కాబట్టి ఆహారం తానే తయారుచేసుకొంటుంది. చలికాలపు పూలలో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇదే. నిజానికి దీని పువ్వు చాలా అందమైనది: మూడు, నాలుగు సెంటీమీటర్ల వంపు గొట్టం, కొనవద్ద వెనక్కి మడిచిన రేకులు, ఒక వైపు నిలువుగా చీలిక. బొటనవేలంత చిన్న పిట్టలు వీటిని వెతుక్కొంటూ వస్తాయి. అవే తరువాత పండును తింటాయి. గింజ చుట్టూ జిగట ఉండడం వల్ల పిట్ట దానిని విసర్జించేటప్పుడు వదిలించుకోవడానికి కొమ్మకు రుద్దుతుంది, అలా అక్కడే కొత్త మొక్క మొలుస్తుంది.

తోటలో ఎక్కువైతే మామిడికొమ్మ నీరసించి కాపు తగ్గుతుంది. ఆకులు తుంచితే మళ్ళీ వస్తుంది కాబట్టి బదనిక అంటుకొన్న చోటికి దిగువన, మాను వైపు, కొమ్మను కోయించాలి. ఆ పని పూత దశలోనే, పండు కట్టకముందే చేస్తే పక్క చెట్లకు గింజ పాకదు. అడవిలో ఉన్నదానిని మాత్రం వదిలివేయండి. పసుపు, ఎరుపు, తెలుపు కలిసిన రెక్కలతో మన కొండలమీద తిరిగే జెజెబెల్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది ఈ జాతి మొక్కల ఆకులమీదే, దాని గొంగళిపురుగులు తినేదీ వీటినే. ఈసారి కంబాలకొండలో బదనిక పూలు కనిపిస్తే ఆకు అడుగున పసుపు గుడ్ల వరుసలు ఉన్నాయేమో బైనాక్యులర్స్‌తో చూడండి.